చలికి వాలిపోయిన గొర్రెపిల్లకు ముందు సెగా, ముందు పాలా?

నాలుగేళ్ల కిందట పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున మా పాకలో గోడవారగా ఒక గొర్రెపిల్ల కాళ్లు చాపి పడి ఉంది. తల్లి ముందురోజు చీకటి పడే వేళకు కవలలను ఈనింది. పెద్దది లేచి చన్ను అందుకోవడం చూశాం, చిన్నది కూడా తాగే ఉంటుందనుకున్నాం. ముట్టుకుంటే చెవులు, గిట్టలు చల్లబడి ఉన్నాయి. నోట్లో వేలు పెడితే నాలుక తడిమట్టిలా తగిలింది. పొయ్యి రాజేసి, పిల్లను గొంగడిలో చుట్టి, సెగ తగిలేలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముప్పావు గంటకు కదిలింది, తల ఎత్తబోయింది, సన్నగా అరిచింది కూడా. బతికిందని ఇంటిల్లిపాదీ సంతోషించేలోపే మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుని, నా చేతుల్లోనే ప్రాణం విడిచింది. "సెగ ఎక్కువైనట్టుంది బిడ్డా" అన్నాడు మా పెద్దనాయన.

సెగ ఎక్కువ కాలేదు. అదే నెలలో, అదే పొయ్యి దగ్గర, అదే గొంగడిలో చుట్టిన మరో పిల్ల బతికింది. అది పుట్టి గంటైనా కాలేదు. చనిపోయిన పిల్లకు పది గంటల వయసు. రెండూ ఒకేలా చల్లబడ్డాయి, రెండింటికీ ఒకే వైద్యం చేశాం, ఒకటి బతికి ఒకటి పోయింది. చలికి వాలిపోయిన పిల్లను బతికించడంలో ఉన్న చిక్కుముడి అంతా ఈ వయసు తేడాలోనే ఉంది. ముందు వెచ్చబరచాలా, ముందు ఆహారం అందించాలా అన్నదానికి అన్ని పిల్లలకూ వర్తించే ఒకే జవాబు లేదు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో దాదాపు 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నాయి. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన రాష్ట్రాలవే. వీటిలో పెద్ద మందలతో పాటు, 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన పంపిణీ పథకంలో ఇచ్చినట్టు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలుతో సాగే చిన్న జీవాల కుటుంబాలూ ఉన్నాయి. ఇరవై ఈతలలో నాలుగు పిల్లలు పోతే ఆ ఏటి రాబడిలో ఐదో వంతు పోయినట్టే. అయితే ఇరవై గొర్రెలున్న మనిషికి ఒక వీలు ఉంది. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, ఏ పిల్ల తాగింది, ఏది తాగలేదు అన్నది అతను కళ్లారా చూడగలడు. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ చూపు మీద ఆధారపడినదే.

కడుపులో ఉన్నంతసేపూ పిల్ల తల్లి ఒంటి వేడిలోనే ఉంటుంది. బయట పడిన క్షణంలో ఉమ్మనీటితో తడిసిన చర్మంతో, పది పన్నెండు డిగ్రీల గాలిలోకి వస్తుంది. ఆ తడి ఆరడానికి కావలసిన వేడిని పిల్ల ఒళ్లే ఇవ్వాలి. పైగా రెండున్నర కిలోల పిల్లకు బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి పెద్ద జీవం కన్నా ఎన్నో రెట్లు తొందరగా చల్లబడుతుంది. ఒంటి మీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని లేని నెల్లూరు జాతి పిల్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆదిలాబాద్ వైపు, లంబసింగి వైపు చలికాలపు రాత్రుల సంగతి అందరికీ తెలిసిందే. కానీ శ్రావణ భాద్రపదాల ముసురులో, పొలంలో మంద పెట్టిన రాత్రి, వానా గాలీ కలిసి కొడుతున్నప్పుడు కూడా పిల్లలు చల్లబడతాయి. మనకు హాయిగా తోచే రాత్రే తడిసిన పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చలిని తట్టుకోవడానికి ప్రకృతి పిల్లకు పుట్టుకతోనే కొంత ఇంధనం ఇచ్చి పంపుతుంది. మూత్రపిండాల చుట్టూ, గుండె దగ్గరా గోధుమ రంగు కొవ్వు ఉంటుంది. మామూలు కొవ్వులా నిల్వకు కాక, కేవలం వేడి పుట్టించడానికే ఉన్న కొవ్వు ఇది. పుట్టిన వెంటనే అది మండడం మొదలవుతుంది, సుమారు ఐదు గంటలు వస్తుంది. తల్లి కడుపులో సరిగా పెరగని పిల్లకు, కవలలలో చిన్నదానికి అంతసేపు కూడా రాదు. ఆ లోపు పాలు కడుపులో పడితే, ఆ తరువాత వేడి పాల నుంచి పుడుతుంది. పడకపోతే ఇంధనం అయిపోతుంది, రక్తంలో చక్కెర అడుగంటుతుంది, ఒంటి వేడి దిగిపోతుంది.

కాబట్టి మనం 'చలి కొట్టింది' అనే ఒకే మాటతో పిలిచేవి నిజానికి రెండు వేర్వేరు ప్రమాదాలు. మొదటి ఐదు గంటల్లో చల్లబడిన పిల్లకు ఒంట్లో ఇంధనం ఇంకా ఉంది, కానీ తడి, గాలి లాగేసే వేడిని అది పూడ్చుకోలేకపోతోంది. దీన్ని తడి చలి అనుకుందాం. ఐదు గంటలు దాటాక, సాధారణంగా రాత్రంతా గడిచాక వాలిపోయిన పిల్లకు ఒళ్లు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. దానికి లేనిది ఇంధనం. ఇది ఆకలి చలి. తడి చలికి సెగే మందు. ఆకలి చలికి సెగ ఒక్కటే ఇస్తే అది విషంలా పనిచేస్తుంది.

ఎందుకంటే ఒళ్లు చల్లబడినప్పుడు మెదడు, గుండె, కండరాలు అన్నీ నెమ్మదిస్తాయి. ఉన్న కాస్త చక్కెరతోనే ఎలాగో నెట్టుకొస్తుంటాయి. మనం ఒంటిని వేడి చేయగానే అవన్నీ ఒక్కసారిగా మేల్కొని చక్కెర అడుగుతాయి, రక్తంలో మాత్రం చక్కెర లేదు. నూనె అయిపోయిన ప్రమిదలో వత్తిని ఎగదోస్తే మంట ఒక్క క్షణం పెద్దదై ఆరిపోతుంది కదా, సరిగ్గా అదే జరుగుతుంది. చక్కెర అందని మెదడు ఫిట్స్‌లోకి వెళ్తుంది. నా ఒళ్లో పిల్ల కదిలి, అరిచి, విరుచుకుపోవడానికి కారణం అదే. ఆ అరుపును నేను కోలుకోవడం అనుకున్నాను.

ఈ సంగతిని స్పష్టంగా తేల్చి, రైతు పాకలో చేయగలిగిన వైద్యంగా మలిచింది 1980ల తొలినాళ్లలో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉన్న మోర్డన్ సంస్థలో ఫ్రాంక్ ఈల్స్, ఆయన సహచరులు. అక్కడి కొండ ప్రాంతాల చలి వేరు, జాతులు వేరు. పిల్ల ఒంటి లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే. వారు కుదిర్చిన పద్ధతిలో అడగవలసిన ప్రశ్నలు మూడే. ఒంటి వేడి ఎంత? పుట్టి ఎన్ని గంటలైంది? తల నిలబెట్టగలుగుతోందా?

మొదటి ప్రశ్నకు జవాబు చేత్తో ముట్టుకుంటే దొరకదు. చెవులు చల్లగా ఉన్నా లోపలి వేడి బాగానే ఉన్న పిల్లలు ఉంటాయి. నోట్లో వేలు పెట్టి చూడటం కొంత మేలు, కానీ అదీ అంచనాయే. మందుల దుకాణంలో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్ కొనకు కాస్త నూనె రాసి, మలద్వారంలోకి మెల్లగా జొనిపి, లోపలి గోడకు ఆనేలా పట్టుకుంటే సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు 39 నుంచి 40 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో 102 నుంచి 104 ఉంటుంది. 37 నుంచి 39 మధ్య ఉంటే పిల్ల చల్లబడుతోందని అర్థం. ఒళ్లు తుడిచి, గాలి తగలని చోట ఉంచి, ముర్రుపాలు పట్టిస్తే చాలావరకు అదే తేరుకుంటుంది. 37 కన్నా, అంటే 99 ఫారన్‌హీట్ కన్నా తక్కువైతే ప్రాణాపాయమే. ఈ థర్మామీటర్లు 32 డిగ్రీల కన్నా కింద అంకె చూపకుండా 'లో' అని మాత్రమే చూపిస్తాయి. అది పాడైందని పక్కన పెట్టకండి, అలాంటి పిల్లలూ బతుకుతాయి.

37 కన్నా తగ్గిన పిల్ల పుట్టి ఐదు గంటల లోపైతే పని సులువు. తడి పూర్తిగా తుడవాలి, వెచ్చబరచాలి, వేడి 37 దాటాక ముర్రుపాలు పట్టాలి. ఐదు గంటలు దాటి, తల వాల్చేసిన పిల్లకు మాత్రం ముందు గ్లూకోజ్ కడుపు కుహరంలోకి ఇంజెక్షన్‌గా వెళ్లాలి, ఆ తరువాతే సెగ, చివరికి పాలు. ఐదు గంటలు దాటినా తల నిలబెట్టి, నోట్లో పెట్టిన వేలును చప్పరించే పిల్లకు కూడా గ్లూకోజ్ ఇవ్వగలిగితే మేలు. ఇచ్చేవారు దొరకకపోతే ముందు గొట్టం ద్వారా పాలు పంపి, ఆ తరువాత వెచ్చబరచాలి. ఎప్పుడు పుట్టిందో తెలియకపోతే ఐదు గంటలు దాటినట్టే లెక్క వేసుకోవడం క్షేమం. బొడ్డుతాడు ఎండి ముడుచుకుని, ఒళ్లు పొడిగా, డొక్క లోపలికి అంటుకుపోయి కనిపిస్తే అది ఆకలి చలి అనుకోవచ్చు.

గ్లూకోజ్ ఇంజెక్షన్ దగ్గరే చాలామంది వెనకడుగు వేస్తారు, ఆ భయం సహేతుకమే. కావలసింది 20 శాతం ద్రావణం, కిలో బరువుకు 10 మిల్లీలీటర్ల చొప్పున. మన మందుల దుకాణాల్లో 25 శాతం డెక్స్‌ట్రోజ్ దొరుకుతుంది. రెండున్నర కిలోల పిల్లకు అందులోంచి 20 మిల్లీలీటర్లు తీసుకుని, ఇంజెక్షన్ల కోసం అమ్మే శుద్ధ జలం 5 మిల్లీలీటర్లు కలిపితే సరిగ్గా 25 మిల్లీలీటర్ల 20 శాతం ద్రావణం అవుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి ఒంటి వేడికి తేవాలి. పిల్లను ముందుకాళ్లు పట్టి నిలువుగా వేలాడదీసి, బొడ్డుకు అంగుళం కిందుగా, అర అంగుళం పక్కగా, సూది మొన తోక వైపు చూసేలా ఏటవాలుగా గుచ్చి మెల్లగా ఎక్కించాలి. ఇది చదివి నేర్చుకునే పని కాదు. సూది పేగులోకో మూత్రాశయంలోకో దిగవచ్చు, శుభ్రత లోపిస్తే కడుపులో చీము పట్టవచ్చు. ఈతల కాలం రాకముందే మీ పశువైద్యుడి దగ్గర ఒకసారి చేయించి చూసి, ఆయన పర్యవేక్షణలో మీ చేత్తో ఒకసారి చేసి ఉండాలి. రాత్రి రెండింటికి ఆయన రాలేరు. పగటి పూటైతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అందుబాటులో ఉందేమో కనుక్కోవచ్చు. ఇంజెక్షన్‌కు వీలే లేనప్పుడు చిగుళ్లకు బెల్లం పాకం రాయడం కొందరు చేస్తారు. దానివల్ల హాని లేదు, కానీ తల వాల్చేసిన పిల్లకు అది ఏ మాత్రం చాలదు.

వెచ్చబరచడానికి పెద్ద సామగ్రి అక్కరలేదు. ముందు గోనెపట్టాతోనో పాత నూలుగుడ్డతోనో ఒళ్లు గట్టిగా రుద్ది ఆరబెట్టాలి. ఆ రుద్దుడు రక్తప్రసరణకూ మేలే. తరువాత ఒక అట్టపెట్టెలో ఎండుగడ్డి పరిచి, వేడినీళ్లు నింపిన సీసాలకు గుడ్డ చుట్టి ఇరుపక్కలా పెట్టి, పైన గొంగడి కప్పితే చాలు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి కాస్త తడిసినా వెచ్చదనం నిలుపుతుంది కాబట్టి, గొర్రె ఇచ్చిన వస్త్రం గొర్రెపిల్లకే ఇంతగా పనికిరావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. పెట్టెలోని గాలి 45 డిగ్రీలు మించకూడదు. నిప్పుల కుంపటిని పాకలోకి తేవడం మంచిది కాదు. పొగకు పిల్ల ఊపిరి అందదు, ఎండుగడ్డి ఉన్న చోట ఒక నిప్పురవ్వ చాలు. వేడినీళ్లలో ముంచడం తొందరగానే పనిచేస్తుంది కానీ, ఒంటి మీది వాసన కడుక్కుపోయి తల్లి పిల్లను గుర్తుపట్టని ప్రమాదం ఉంది. అరగంటకొకసారి థర్మామీటర్ పెట్టి చూస్తూ, 37 దాటగానే సెగ తగ్గించాలి. కదలలేని పిల్ల వేడి ఎక్కువైనా తప్పించుకోలేదు. చలి పోతుందని సారా చుక్కలు పోయడం పాత అలవాటు. సారా చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి ఉన్న వేడిని బయటికి పంపుతుంది, కాబట్టి దాన్ని మానేయాలి.

పాలు పట్టడంలో జరిగే పెద్ద పొరపాటు, మింగలేని పిల్ల నోట్లో పాలు పోయడం. పశువులకు మందు పట్టే వెదురు గొట్టంతో గానీ, చెంచాతో గానీ, సీసాతో గానీ పోస్తే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి దిగి, చలి నుంచి బతికిన పిల్ల మూడో రోజున నిమోనియాతో పోతుంది. అందుకే సన్నని గొట్టం కావాలి. మనుషుల ఆసుపత్రుల్లో వాడే రైల్స్ ట్యూబు, 50 మిల్లీలీటర్ల సిరంజి ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతాయి. ముందు గొట్టాన్ని పిల్ల పక్కన పెట్టి, ముక్కు కొన నుంచి చివరి పక్కటెముక వరకు కొలిచి గుర్తు పెట్టుకోవాలి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, గొట్టం కొనను పాలతో తడిపి, నోటి పక్క నుంచి నాలుక మీదుగా నెమ్మదిగా తోస్తే అది చప్పరిస్తూ మింగుతుంది. దగ్గినా, పెనుగులాడినా వెంటనే బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. గుర్తు దాకా ఇబ్బంది లేకుండా దిగితే అది కడుపులో ఉన్నట్టే. శ్వాసనాళంలోకి పోయిన గొట్టం అంత లోతుకు దిగదు. సిరంజిని తోయకుండా, పైకి పట్టుకుని పాలను వాటంతట అవే దిగనివ్వాలి. స్పృహ లేని పిల్లకు, 37 కన్నా తక్కువ వేడితో తల వాల్చేసిన పిల్లకు గొట్టం కూడా వేయకూడదు.

ఎంత పట్టాలంటే, ఒక్కో విడతకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, మొదటి రోజంతా కలిపి కిలోకు 200. మన రెండున్నర కిలోల పిల్లకు విడతకు 125, రోజుకు అర లీటరు. ఇవి తప్పనిసరిగా ముర్రుపాలే అయి ఉండాలి. గొర్రె మాయ గుండా తల్లి రక్తంలోని రక్షక ద్రవ్యాలు పిల్లకు చేరవు. అవన్నీ ముర్రుపాలలోనే వస్తాయి. పిల్ల పేగు వాటిని యథాతథంగా రక్తంలోకి పంపగలిగేది మొదటి రోజే, అందులోనూ మొదటి ఆరు గంటలలో బాగా. మాయ పడేదాకా పిల్లను తాగనివ్వని అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. పిల్లకు అది చేసే నష్టం ఏ వ్యాధీ చేయలేదు.

తల్లికి పాలు లేకపోతే అదే రోజు ఈనిన మరో గొర్రె, లేదా మేక ముర్రుపాలు వాడవచ్చు. వాటిని మరిగించవద్దు. ముర్రుపాలు కాస్తే జున్ను ఎందుకు అవుతుంది? అందులో మామూలు పాలలో లేనంతగా ఉన్న మాంసకృత్తులు వేడికి గడ్డకడతాయి, ఆ మాంసకృత్తులలో ముఖ్యమైనవి ఈ రక్షక ద్రవ్యాలే. మనకు రుచిగా మారిన క్షణంలోనే అవి పిల్లకు పనికిరాకుండా పోతాయి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పాల గ్లాసు ఉంచితే ఒంటి వేడికి వస్తాయి, అంతే చాలు. పాలు బాగా ఉన్న గొర్రె ఈనినప్పుడు ఓ వంద మిల్లీలీటర్లు పిండి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఆ ఈతల కాలమంతా ధైర్యంగా ఉండవచ్చు.

వాలిపోయిన ప్రతి పిల్లకూ చలే కారణం కాదు. ఒంటి వేడి 39 ఉండి కూడా లేవలేకపోతుంటే, నెలలు నిండకుండా పుట్టిందా, కష్టమైన ఈతలో ఊపిరి అందక నలిగిందా, బొడ్డు నుంచి సూక్ష్మజీవులు ఎక్కాయా అని చూడాలి. అది డాక్టరు తేల్చవలసిన పని.

అసలు ఈ అవస్థ చాలావరకు ఈతకు నెలన్నర ముందే తప్పించవచ్చు. కడుపులో పిల్ల బరువులో మూడింట రెండు వంతులకు పైగా చివరి ఆరు వారాలలోనే పెరుగుతుంది. మన దగ్గర ఎండాకాలంలోనో, కోతలకు ముందు మేత కరువైనప్పుడో చూడి గొర్రె ఖాళీ డొక్కతో తిరిగి వస్తే, పుట్టేది గోధుమ కొవ్వు తక్కువగా ఉన్న చిన్న పిల్ల. పొదుగులో పాలూ ఉండవు. ఆ ఆరు వారాలు రోజూ పావు కిలో దాకా దాణా, సాయంత్రం వేరుశనగ కట్టె, సుబాబులో అవిశో కాస్త పచ్చి ఆకు ఇస్తే తేడా పుట్టిన పిల్ల నడుములోనే కనిపిస్తుంది. చిటుక రోగపు టీకా కూడా ఈతకు నెల ముందు వేయిస్తే దాని రక్షణ ముర్రుపాలలో పిల్లకు చేరుతుంది. ఈనిన వెంటనే రెండు చన్నులూ ఒక్కో ధార పిండి చూడాలి. చన్ను రంధ్రంలో మైనంలా అడ్డుపడిన గడ్డ వల్ల, పాలున్న తల్లి దగ్గరే ఆకలితో పోయిన పిల్లలున్నాయి. బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి.

తేరుకున్న పిల్లను తల్లి దగ్గరికి చేర్చడంలో తొందరా పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. తల్లి పిల్లను వాసనతో గుర్తుపడుతుంది, ఆ గుర్తు మొదటి కొద్ది గంటలలోనే పడుతుంది. అందుకే వెచ్చబరిచే పెట్టెను తల్లికి కనిపించేలా పాకలోనే ఉంచడం మంచిది. కవలలలో ఒకదాన్నే తీసుకుపోతే తల్లి రెండో దానితోనే సరిపెట్టుకుని దీన్ని కుమ్మేయవచ్చు. రెండింటినీ కలిపి తీసుకుపోయి, కలిపి తేవాలి. నాలుగైదు అడుగుల చదరంలో తడిక కట్టి, తల్లినీ పిల్లలనూ ఒకటి రెండు రోజులు అందులోనే ఉంచాలి. మందలో కలిపేసి గంప కింద మూసేస్తే ఏది తాగిందో తెలియదు.

పోయిన ఏడు మార్గశిరంలో మళ్లీ అలాంటి పిల్లే దొరికింది. ఎనిమిది గంటల వయసు, 35 డిగ్రీలు, తల వాలిపోయి ఉంది. గ్లూకోజ్ ఎక్కించాను, అట్టపెట్టెలో పెట్టాను, గంటన్నరకు 37 దాటింది. గొట్టంతో 120 మిల్లీలీటర్ల పాలు వెళ్లాక రెండు గంటలు గొంగడిలో నిద్రపోయింది, తరువాత పెట్టె అంచు మీద కాళ్లు వేసి అరిచింది. తల్లి దగ్గర దించితే అది తోక కింద మూతి పెట్టి వాసన చూసింది, గొంతులోనే చిన్నగా గుర్రుమంది, పక్కకు జరిగి నిలబడింది. పిల్ల తడుముకుంటూ చన్ను అందుకుంది, తోక ఊపడం మొదలుపెట్టింది. రెండు గంటలకోసారి వేడి చూశాను: 38.6, 39.1, 39.4.